పెద్ద బ్యాటరీ

“ఈ పాత బండికి ఇంత పెద్ద బ్యాటరీ ఎవరు పెట్టేరండీ?” మెకానిక్ సత్తిబాబు మోటారుసైకిలు పక్క డబ్బా మూత తీసి నవ్వాడు. “డైనమో ఇచ్చే ఛార్జికి చిన్న బ్యాటరీ అయితే నిండుద్ది. ఇది చచ్చినా నిండదండి. నాలుగు రోజులు వెలిగి లైటు ఆరిపోద్ది.”

రూతమ్మ చీర కొంగు బిగించి పట్టుకుంది.

“నేనేనండి. పెళ్ళిరోజని మా ఆయనకి అమలాపురంలో కొనిచ్చేను. పెద్దదైతే లైటు బాగా వెలుగుద్దనుకున్నాను.”

“అయ్యగారు రాలేదాండీ?”

“ఆ వారమే చీకట్లో వస్తా ముక్తేశ్వరం కాలవలో పడి చనిపోయేరండి. బండికి లైటు లేదన్నారు చూసినోళ్ళు.”

సత్తిబాబు నవ్వు ఆగిపోయింది. గబగబా హెడ్‌లైటు విప్పి లోపలికి తొంగిచూశాడు.

“అబ్బే, ఇదిగోనండి, వైరు తెగిపోయింది. బ్యాటరీ మంచిదేనండి అమ్మగారూ. నేనే సరిగా చూడకుండా వాగేను.”

రూతమ్మ బల్ల మీద కూలబడి ఊపిరి తీసుకుంది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆమె ముఖం తేటపడింది.

“అయితే ఇది రెండేళ్ళు మూలనపడుంది కదా, అలాంటిదే కొత్తది వేసెయ్యండి బాబూ. రేపట్నుంచి మా అబ్బాయి ఆకాష్ కాలేజీకి దీనిమీదే వెళ్తాడు.”

“ఆయ్, అలాగేనండి.”

సత్తిబాబు అలమారలోని పెద్ద బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి, ఆమె వైపు చూడకుండా, పక్కనున్న చిన్నది తీశాడు.

రూతమ్మ చూసింది. లేచి వచ్చి బండి పక్కన నిలబడింది.

“గట్టిగా బిగించండి బాబూ,” అంది.