రెండు ఇంటూ గుర్తులు

"పదిసార్లు రా, ఇరవైసార్లు రా, నా మాట గిదే. మా పోరనికి సుక్కలు ఏపియ్యం," అంటూ శంకరమ్మ గుమ్మానికి అడ్డంగా కూచుంది.

పోలియో చుక్కల డబ్బా భుజాన వేసుకున్న నర్సు జెర్లిన్ ఆ తలుపు మీది ఇంటూ గుర్తు వైపు చూసింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో చుక్కలు పడ్డ ఇళ్లన్నిటికీ సుద్దతో 'పి' అని రాసేసింది. మిగిలినవి రెండే ఇంటూలు. ఇదొకటి, పక్కవాటా ఒకటి. మూడు విడతలుగా ఆ రెండూ చెరగలేదు. ఈ విడతకు ఇదే ఆఖరి రోజు.

సూది లేదని, నొప్పి లేదని, తన కూతురికీ ఇవే వేశానని చెప్పి చూసింది జెర్లిన్.

"జరమొచ్చి దవాఖానకు పోతే ఒక్క గోలికి పూటంతా నిలబెడతరు. గీ సుక్కలకైతే ఇల్లు ఎతుక్కుంటొస్తరు. గింత ప్రేమ ఏంది మా మీద?"

జెర్లిన్ మాత్రం మెట్టు దిగలేదు.

అంతలో కోడలు వసుమతి వచ్చి అత్త చెవిలో ఏదో ఊదింది. శంకరమ్మ ముఖం విప్పారింది. చటుక్కున లేచి పెరట్లోకి పోయి, గుండు చేయించిన రెండేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకొచ్చింది. రెండు కాదు, నాలుగు చుక్కలు వెయ్యమంది. జెర్లిన్ రెండే వేసి, వేలికి సిరా పెట్టింది.

పక్కవాటాలో వెంకటరత్నమ్మది కోస్తా యాస, అదే పట్టుదల. "మావాడు రాయిలా ఉన్నాడమ్మాయ్. రోగం లేనోడికి మందేంటి?" అని తలుపు వెయ్యబోయింది. ఈవిడనూ కోడలు సుష్మ లోపలికి పిలిచి గుసగుసలాడింది. వెంకటరత్నమ్మ నవ్వుకుంటూ పెరట్లోకి పోయి ఉంగరాల జుట్టు పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. వాడి నోట్లోనూ చుక్కలు పడ్డాయి.

రెండు ఇంటూలూ తుడిచి 'పి' రాసి, డబ్బా అప్పజెప్పడానికి జెర్లిన్ వెనక సందులోంచి అబిడ్స్ వైపు నడిచింది. ఆ సందులోకి రెండిళ్ల పెరళ్లూ కనిపిస్తాయి. మధ్యన పిట్టగోడ. గోడకు అటు సుష్మ, ఇటు వసుమతి, పిల్లల వేళ్ల మీది సిరాను నిమ్మచెక్కతో రుద్దుతున్నారు. రుద్దడం కాగానే ఉంగరాల జుట్టువాడు సుష్మ చేతుల్లోంచి "అమ్మా" అంటూ వసుమతి మెడ కరుచుకున్నాడు. గుండువాడు గోడ మీదుగా సుష్మ చంకెక్కాడు.

జెర్లిన్ గబగబా వాళ్ల దగ్గరికి నడిచింది. మూడు విడతల కష్టం మళ్లీ మొదటికొచ్చిందనుకుంది. "మీ అత్తలు ఏపిచ్చింది సొంత మనవలకు కాదా?"

వసుమతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "కాదు సిస్టర్. పక్కింటోనికి ఏపిస్తే మనోడు తప్పించుకుంటడని మా అత్తకు నేనే చెప్పిన."

"మా అత్తగారికి నేనూ అదే చెప్పానండీ," అంది సుష్మ.