పద్నాలుగు దినాలు

“ఫికర్ పెట్టుకోకు స్తుతీ, నీకు కరోనా లేదు,” గుమ్మం బయటే నిలబడి చెప్పింది ఆశా వర్కర్ యాదవ్వ.

స్తుతి ఏడ్చింది.

“ఉన్నదని రాయక్కా. నీ కాల్మొక్త.”

“పిచ్చి గిట్ల లేసిందా? పద్నాలుగు దినాలు అర్రల ఒక్కదాన్నే ఉంచుతరు. ఎవ్వరూ దగ్గరికి రారు.”

“ఆయన గూడ రాడు గదా?”

స్తుతి మాస్కు కిందికి దించింది. పెదవి చిట్లి ఉంది. చెంప మీద అయిదు వేళ్లూ తేలి ఉన్నాయి.

“ఏమొచ్చిందట?” లోపలి నుంచి ఆమె భర్త బెంజమిన్ వచ్చాడు. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి అతను ఇల్లు కదల్లేదు.

యాదవ్వ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

“పాజిటివ్. ముట్టకు.”

బెంజమిన్ నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

స్తుతి మాస్కు పైకి లాక్కుంది.

“పదిహేనో దినం జర పొద్దుగాలనే రా అక్కా,” అంది మెల్లగా.