మేడం గారూ

చనిపోయిన భర్త నుంచి ఉద్యోగాల సైట్‌లో ఆమెకు సందేశం వచ్చింది: 'కొత్త ఉద్యోగానికి అభినందనలు, మేడం గారూ!'

"గుండె ఆగినంత పనైంది. పద, పోలీసులకి చెబుదాం," అందామె మరిదితో, చెప్పులేసుకుంటూ.

"ఎవరో హ్యాక్ చేశారంటావా, వదినా?"

"కాకపోతే? పాస్‌వర్డ్ నాక్కూడా చెప్పని మనిషి! పైగా నన్ను 'ఏమోయ్' అనడమే తప్ప ఏనాడైనా 'గారూ' అన్నారా?"

మరిది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నాకు చెప్పాడు వదినా. శుభాకాంక్షలు వాటంతటవే వెళ్లే టూల్ పెట్టింది నేనే. అందరికీ 'గారూ' తగిలించిందీ నేనే. అన్నయ్య పోయాక ఆపేద్దామనే కూర్చున్నాను. కానీ అది నడుస్తున్నంతసేపూ వాడి ఫోటో పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, పచ్చచుక్క వెలుగుతుంది. నా చేత్తో ఆర్పలేకపోయాను."