పెద్దకర్మ నాడు గట్టిమేళం

ఇప్పుడు పెళ్ళిళ్ళకు మేళగాళ్ళను ఎవరూ పిలవడం లేదు. పురోహితుడు చూపుడువేలు ఎత్తి ఆడిస్తే చాలు, అతిథుల జేబుల్లోని ఫోన్లన్నీ డోలు సన్నాయిలై గట్టిమేళం అందుకుంటాయి. వాటికి వేలు తెలుసు గాని సందర్భం తెలియదు. అందుకే భర్త గంగాధరం పెద్దకర్మ నాడు సుభాషిణి గుమ్మంలో నిలబడి, భోజనానికి వచ్చిన ప్రతివారినీ ఫోన్ ఆపమని బతిమాలింది. ఆ ఒక్కరోజూ మర్యాదగా గడిచిపోతే చాలనుకుంది.

అందరూ ఆపామన్నారు. ఒక్కరూ ఆపలేదు.

మూడో గారె వెయ్యబోయిన వడ్డనవాడికి ఆడపడుచు మాణిక్యాంబ వేలెత్తి ఆడించింది. “వద్దు నాయనా, నాకు షుగరు.”

నలభై ఫోన్లు ఒక్కసారిగా గట్టిమేళం అందుకున్నాయి. ఆపుదామంటే అందరివీ ఎంగిలిచేతులే. మాణిక్యాంబ కంగారుగా “ఆగండి, ఆగండి” అంటూ మళ్ళీ వేలు ఆడించింది. మేళం రెట్టింపయింది.

“ఏమీ అనుకోకే సుభా,” అందామె ఏడుపు గొంతుతో.

సుభాషిణి పెళ్ళినాడు మేళగాళ్ళు ఉప్మా దగ్గరే ఉండిపోయారు. తాళి చప్పుడు లేకుండా పడింది. ముప్పై ఏళ్ళుగా పోట్లాట వచ్చినప్పుడల్లా గంగాధరం, “మేళమే మోగలేదు, ఇదేం పెళ్ళి?” అనేవాడు.

“మోగనివ్వండి వదినా,” అంది సుభాషిణి. తర్వాత దండ వేసిన ఫోటో వైపు తిరిగింది.

“విన్నారుగా. పెళ్ళయిందని ఇప్పటికైనా ఒప్పుకోండి.”