‘బావా’ అన్నాడట

రెండు నిమిషాల మౌనం పూర్తికాకముందే మొదటి కుర్చీ గవర్రాజు నెత్తిన విరిగింది.

గోపాలపట్నం కల్యాణమండపంలో శ్రీరామ్మూర్తి సంతాపసభ అది. హాస్టల్ పూర్వ విద్యార్థుల సంఘానికి ఇరవై ఏళ్లు అధ్యక్షుడు. ఎవరికి రక్తం కావాలన్నా, ఎవరి పిల్లకి సీటు కావాలన్నా, ఎవరింట్లో చావైనా ముందు వాలేవాడు. అలాంటి మనిషిని వారం కిందట తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో కడుపులో పొడిచి చంపారు.

రక్తపు మడుగులోంచి ఎత్తి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది అతని హాస్టల్ రూమ్మేట్ సింహాద్రి. దారిలోనే ప్రాణం పోయింది. ఆఖరున ఏమన్నాడని అందరూ అడిగితే సింహాద్రి ఒక్క మాటే చెప్పాడు. ‘బావా’ అన్నాడట. ఇక సంఘానికి అధ్యక్షుడు సింహాద్రే అని ఆ రోజే అనేసుకున్నారు.

గవర్రాజు శ్రీరామ్మూర్తికి సొంత బావ, అక్క మొగుడు. నిరుడు సంఘం ఎన్నికల్లో బావమరిది మీదే నిలబడి ఓడిపోయి, నీ అంతు చూస్తానని మైకులోనే అన్నాడు. ఇంకేం కావాలి? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్లు పట్టేశామనుకున్నారు.

కొట్టేవాళ్లు ఏడుస్తూనే కొట్టారు. శ్రీరామ్మూర్తి చలవతో ఉద్యోగాలొచ్చినవాళ్లు, అతని రక్తం ఎక్కించుకుని బతికినవాళ్లు. అభిమానం అంత చెడ్డది. గవర్రాజు పళ్లు రాలాయి. దండ వేసిన ఫొటో కిందపడి పగిలితే, ఆ గాజుపెంకుల మీదే అతన్ని ఈడ్చారు.

అతని భార్య గౌరీశ్వరి అడ్డం పడింది.

“ఏడాది బట్టీ ఆళ్లిద్దరికీ మాటల్లేవు. నా తమ్ముడు ఈయన్ని బావా అని ఎలాగ పిలుత్తాడు?”

పగ ఉన్నట్టు పెళ్లామే ఒప్పుకుందన్నారు. ఆమెను జుట్టు పట్టి పక్కకి లాగేశారు.

సింహాద్రి గవర్రాజు గుండెల మీద కూర్చుని గొంతు నులుముతున్నాడు. పట్టు సడలితే గవర్రాజు మళ్లీ నోరు విప్పుతాడు, మళ్లీ వాదన మొదలవుతుంది. సింహాద్రికి అది ఇష్టం లేదు.

గవర్రాజు కనుగుడ్లు తేలిపోవడం చూసి ఉమాశంకర్‌కి ఆవేశం దిగిపోయింది. అతనూ ఆ హాస్టల్లో అందరితో వరస లేకపోయినా బావా బావా అనుకుంటూ పెరిగినవాడే. వెనకనుంచి సింహాద్రి భుజాలు పట్టుకుని గుంజాడు.

“ఒగ్గీ బావా, సచ్చిపోతాడు.”

సింహాద్రి చేతులు ఆగిపోయాయి.

వారం కిందట హార్బర్‌లో, కడుపులో దిగిన కత్తిని రెండు చేతులా పట్టుకుని, శ్రీరామ్మూర్తి కూడా సింహాద్రిని “ఒగ్గీ బావా” అనే బతిమాలాడు.