ఒప్పుకునే ఒక్కరు

హైదరాబాదులోని ఆ ఆస్పత్రికి రోబో మిషన్ వచ్చి రెండేళ్లయింది. డాక్టర్ సంధ్యారాణి ఇంతవరకు దాని మీద ఒక్క ఆపరేషనూ సొంతంగా చెయ్యలేదు.

శిక్షణ అందరితో పాటే పూర్తి చేసింది. మార్కులు అందరికంటే ఎక్కువే వచ్చాయి. కానీ అప్పుడు ఆమె కడుపుతో ఉంది కదా అన్నారు. కాన్పయ్యాక, చంటిపిల్ల తల్లికి గంటల తరబడి కూర్చునే పని ఎందుకన్నారు. పాపకు ఏడాది నిండేసరికి రోగుల వంతు వచ్చింది. చేత్తో చేసే ఆపరేషన్లకు ఆమె కోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కూడా, రోబో అనగానే "సార్ చెయ్యరా?" అని అడిగేవారు.

సార్ చేసేవారు.

ఓపిక నశించి ఒకరోజు హెడ్డు సూర్యప్రకాశరావు గారి గదికి వెళ్లి అడిగేసింది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా," అన్నారాయన. "ఈవిడే చెయ్యాలి అని ఒక్క పేషెంటు రాసిస్తే చాలు. ఆ రోజే మిషన్ నీకిస్తాను."

ఆ సార్లలో ఒకడు పవన్‌కుమార్, ఆమెకంటే ఆరేళ్లు చిన్న. కుట్లు వెయ్యడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. మిషన్ మీద అప్పటికే నలభై ఆపరేషన్లు చేశాడు. అతన్ని అలాంటి కాగితం ఎవరూ అడగలేదు. 

ఆమెకు తట్టింది ఒక్క పేరే. బుచ్చన్న.

బుచ్చన్నది గోదావరిఖని దగ్గర సెంటినరీ కాలనీ. ముప్పై రెండేళ్లుగా, అక్కడివాళ్లు బాయి అనే భూగర్భ గనిలో బొగ్గెత్తే యంత్రం నడుపుతున్నాడు. పెద్దపేగు చివర కేన్సర్ గడ్డ ఉందని తేలితే, బొగ్గు కంపెనీ దవాఖాన వాళ్లు హైదరాబాదుకు రాశారు. రిపోర్టులన్నీ సంధ్యారాణే చూసింది. వచ్చే మంగళవారం ఆపరేషన్.

ఆయనకు ఆమె మీద చాలా గురి. కాలనీలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆమె ఫోన్ నంబరే రాసిచ్చేవాడు. తన షిఫ్టులో పనిచేసే పోశంను దగ్గరుండి బస్సెక్కించి ఆమె దగ్గరికే పంపాడు. భార్య సారవ్వ పిత్తాశయంలో రాళ్లు తీసింది కూడా ఆమే.

ఒక సంతకం కోసం రోగి ఇంటికి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లే డాక్టర్లు ఉండరు. ఆదివారం పొద్దున సంధ్యారాణి వెళ్లింది.

బుచ్చన్న వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. పక్క క్వార్టరు టీవీలో తెలంగాణ బిల్లు వార్తలు గట్టిగా వినిపిస్తున్నాయి. సారవ్వ చాయ్ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది. సంధ్యారాణి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మిషన్ చేతులు చిన్న రంధ్రాల్లోంచి కడుపులోకి వెళ్తాయని, డాక్టరు పక్కనే తెర ముందు కూర్చుని వాటిని నడిపిస్తారని చెప్పింది. పెద్ద కోత ఉండదు, త్వరగా లేచి తిరగొచ్చు అంది.

బుచ్చన్న చివరిదాకా విన్నాడు.

"నడిపేది ఎవరు?"

"నేనే."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. చేత్తోని కోసుడు వేరు, మిషన్ వేరు. బాయిల ముప్పై రెండేండ్ల సంది నడుపుతున్న. మిషన్ మీద ఆడోళ్ల చెయ్యి నేనెన్నడు సూడలే. గా పవన్ సారు చేస్తడట గద, ఆయనతోని చేపియ్యి."

"పవన్‌కు పని నేర్పింది నేనే."

"నేర్పితివి. మిషన్ మీద నేర్పలే గద."

"గింత దూరం వచ్చి అడుగుతాంది, ఒప్పుకోరాదు," అంది సారవ్వ.

"పానం నాది," అన్నాడు బుచ్చన్న.

సంధ్యారాణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కమాన్‌పూర్ దాటాక కారు పక్కకు ఆపింది. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అద్దం ఎత్తి, అవి పోయాక మళ్లీ కారు రోడ్డెక్కించింది.

మంగళవారం పవన్‌కుమార్ తెర ముందు కూర్చున్నాడు. సంధ్యారాణి బల్ల పక్కన నిలబడి మిషన్ చేతులకు పరికరాలు మార్చింది. ఐదు గంటలు పట్టింది. మధ్యలో ఒకచోట రక్తం చిమ్మింది. పవన్ తడబడ్డాడు. ఎక్కడ పట్టుకోవాలో ఆమె మెల్లగా చెప్పింది. అక్కడే పట్టుకున్నాడు. రక్తం ఆగింది. గడ్డ పూర్తిగా వచ్చేసింది.

మూడో రోజు వార్డులో బుచ్చన్న పవన్‌కుమార్‌కు రెండు చేతులెత్తి మొక్కాడు.

"మీది దేవుని చెయ్యి సారూ."

పవన్ ఏదో చెప్పబోయాడు. సంధ్యారాణి కళ్లతోనే వద్దంది. సారవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ సాయంత్రం సూర్యప్రకాశరావు గారు ఆమెను పిలిపించారు. తాను అవకాశం ఇచ్చానని, బుచ్చన్నే వద్దంటే ఎవరేం చెయ్యగలరని అన్నారు. మిషన్ జాబితాలోంచి ఆమె పేరు తీసేస్తున్నామన్నారు. ఆమెకు అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

బుచ్చన్నను పంపించే రోజు, కౌంటర్లో అమ్మాయి డిశ్చార్జి కాగితాలు ముందుకు జరిపి, ఇంటివాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలంది.

సంధ్యారాణి పెన్ను తీసుకుని, 'రోగికి ఏమవుతారు' అన్నచోట ఉన్న మాటే రాసింది: 'కూతురు'.