సంగటి ముద్ద

"కట్! ఆ పెద్దామె ఏడవడం లేదు. పక్కకు తప్పించండి!" డైరెక్టర్ అరిచాడు.

బేతంచెర్ల క్వారీలో సినిమా షూటింగ్. శవం చుట్టూ ఏడవడానికి ఊరి ఆడవాళ్లను పిలిపించారు. అత్త రాహేలమ్మ ఒక్కతే రాయిలా కూర్చోవడం చూసి జెస్సీకి తల కొట్టేసినట్టయింది.

"మా మామ ఇదే క్వారీలో రాయి పడి పోయినప్పుడే ఏడవల్యా సార్. ఇంక సినిమాకు ఏడుస్తాదా?" అంది.

దుబాసీ ఆ మాట చెవిలో వేయగానే, కొడుకు పోయిన తండ్రి వేషంలో ఉన్న జపాన్ నటుడు మొరిటా వచ్చి రాహేలమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"ఈయన యాభై ఏళ్లుగా తెర మీద ఏడ్చి జపాన్ అంతటినీ ఏడిపించాడు. సొంత భార్య పోయిననాడు కన్నీళ్లు రాలేదట. పేపర్లవాళ్లు తిట్టిపోశారు," అన్నాడు దుబాసీ. "ఆ రోజు నువ్వేం చేశావని అడుగుతున్నాడమ్మా."

"ఏం జేస్తా నాయనా! ఆయన్ని తెచ్చినప్పుడు సద్ది క్యారియరు గూడా తెచ్చినారు. సంగటి ముద్ద తినకుండా అట్లే ఉన్నింది. ఎండిపోతాదని తడిగుడ్డ కప్పినా."

మొరిటా అక్కడి కూలీ ఒకరి సద్ది క్యారియరు అడిగి తీసుకుని శవం పక్కన పెట్టుకున్నాడు. కెమెరా తిరిగింది. అతను ఏడవలేదు. మూత తీసి, తువ్వాలు తడిపి, లోపలి ముద్ద మీద మెల్లగా కప్పాడు.

డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు.

"ఇంటి నిండా జనముంటే నీకు తిండి గోలా?" అని ఆనాడు ఆ ముద్దను కోళ్లకు పారేసింది జెస్సీనే. ఇప్పుడామెకు వెక్కిళ్లు ఆగడం లేదు.

రాహేలమ్మ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"ఆ గుడ్డ ఇంగా రోంత తడపమని చెప్పు పాపా," అంది కోడలితో. "ఈ ఎండకు ముద్ద ఆరిపోతాది."